పదవి దిగినా దిగని పలుకుబడి

ప్రభుత్వ సలహాదారు పదవి మన పాలనా వ్యవస్థలో ఒక విచిత్రమైన పదవి. సలహాదారు మంత్రి కాదు గనుక శాసనసభలో లేచి నిలబడి జవాబు చెప్పవలసిన అవసరం లేదు. శాశ్వత ఉద్యోగి కాదు గనుక సర్వీసు నిబంధనలు సాధారణంగా ఆయనను తాకవు. అయినా మంత్రి బల్ల మీదకు వెళ్లే ఫైలు ఆయన బల్ల మీదకూ వెళుతుంది. కార్యదర్శులు కూర్చునే సమావేశంలో ఆయనకూ కుర్చీ ఉంటుంది. కొందరికి కేబినెట్ హోదా కూడా లభిస్తుంది. ఇంతటి స్థానంలో కొన్నేళ్లు గడిపిన వ్యక్తి, పదవీకాలం ముగిసిన మరునాడే అదే శాఖతో లావాదేవీలు జరిపే ప్రైవేటు సంస్థకు కన్సల్టెంటుగా చేరితే అడగవలసినదెవరు? ఆపవలసినదెవరు? ఈ ప్రశ్నకు మన దేశంలో సూటిగా జవాబు చెప్పే చట్టం లేదు. ఈ లోటు ఎంత పెద్దదో, దాని బరువు చివరకు ఎవరి మీద పడుతుందో పాఠకుల ముందుంచడానికే ఈ వ్యాసం.

మంత్రుల సంఖ్యకు రాజ్యాంగం హద్దు గీసింది. 2003లో వచ్చిన 91వ సవరణ ప్రకారం రాష్ట్ర మంత్రివర్గం శాసనసభ సభ్యుల సంఖ్యలో 15 శాతానికి మించరాదు. 119 మంది సభ్యులున్న తెలంగాణలో ముఖ్యమంత్రితో కలిపి 18 మంది, 175 మంది సభ్యులున్న ఆంధ్రప్రదేశ్‌లో 26 మంది. సలహాదారుల సంఖ్యకు ఇటువంటి హద్దేదీ లేదు. రెండు రాష్ట్రాల్లోనూ, ఏ పార్టీ అధికారంలో ఉన్నా, సలహాదారుల నియామకం ఆనవాయితీగా మారింది. 2022లో దేవాదాయ శాఖ సలహాదారు నియామకంపై ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో వాదోపవాదాలు నడిచాయి. నియామకం సబబా కాదా అన్న చర్చ అవసరమే. కానీ అది వచ్చే దారి గురించిన చర్చ. వెళ్లే దారి గురించిన చర్చ ఇంకా మొదలు కావలసే ఉంది.

పెన్షనుకు ముడిపడిన నిబంధన

మన దేశంలో ఇటువంటి నియంత్రణ అసలే లేదనడం సరికాదు. 1972 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల పెన్షను నిబంధనల్లో పదవ నిబంధన దీని కోసమే ఉండేది. 2021లో ఆ నిబంధనలను తిరగరాసినప్పుడు కూడా ఈ నియంత్రణ కొనసాగింది. గ్రూప్ ‘ఎ’ అధికారి పదవీ విరమణ చేసిన ఏడాదిలోగా వాణిజ్యపరమైన కొలువులో చేరాలంటే ప్రభుత్వ అనుమతి ముందుగా పొందాలి. ఐఏఎస్, ఐపీఎస్ వంటి అఖిల భారత సర్వీసుల వారికి వేరుగా 1958 నాటి నిబంధనలున్నాయి. వారి విషయంలో రెండేళ్లుగా ఉన్న గడువును 2015 డిసెంబరులో ఏడాదికి కుదించారు.

ఈ నిబంధన రాసినవారు అమాయకులు కారు. ‘వాణిజ్యపరమైన కొలువు’ అంటే కంపెనీలో జీతానికి చేరడం మాత్రమే కాదని వారు అప్పుడే గుర్తించారు. సొంతంగా గానీ, భాగస్వామిగా గానీ సలహాదారు లేదా కన్సల్టెంటు బోర్డు పెట్టుకోవడాన్ని కూడా అందులో చేర్చారు. వృత్తిపరమైన అర్హత లేకుండా కేవలం ఉద్యోగంలో సంపాదించిన పరిజ్ఞానాన్ని అమ్ముకోవడం, అర్హత ఉన్నా పాత హోదా వల్ల తన ఖాతాదారుకు అన్యాయమైన అనుకూలత కల్పించడం, ప్రభుత్వ అధికారులతో సంప్రదింపులు నడిపే పని చేపట్టడం, ఈ మూడూ ఆ నిర్వచనంలోకి వస్తాయి. అనుమతి ఇచ్చే ముందు ప్రభుత్వం చూడవలసిన అంశాలు కూడా రాసి ఉన్నాయి. సర్వీసు చివరి మూడేళ్లలో సున్నితమైన సమాచారం ఆ అధికారి చేతికి వచ్చిందా, ఆయన చేరబోయే సంస్థ ప్రయోజనాలకూ ఆయన చూసిన పనికీ మధ్య వైరుధ్యం ఉందా అన్నవి వాటిలో ముఖ్యమైనవి.

ఇక శిక్ష ఏమిటి? అనుమతి లేకుండా చేరితే పెన్షనును పూర్తిగా గానీ, కొంత మేరకు గానీ నిలిపివేయవచ్చు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. నిబంధన బలమంతా పెన్షనులోనే ఉంది. పెన్షను ఉన్నవాడికే భయం. బయటి నుంచి వచ్చి, రెండేళ్లో మూడేళ్లో గౌరవ వేతనం తీసుకుని వెళ్లిపోయే సలహాదారుకు పెన్షను ఉండదు. ఆయన దగ్గర నిలిపివేయడానికి ప్రభుత్వం చేతిలో ఏమీ ఉండదు. గౌరవ వేతనం కూడా తీసుకోని సలహాదారు సంగతి చెప్పనే అక్కరలేదు. ‘ఉచితంగా సేవ చేస్తున్నారు’ అన్న ప్రశంస ఒక్కటే ఆయన చుట్టూ ఉంటుంది. పెన్షను ఉన్న పెద్ద అధికారికి కూడా, ప్రైవేటు సంస్థ ఇచ్చే ప్రతిఫలంతో పోలిస్తే ఆ పెన్షను ఏ మూలకు?

పదవిలో ఉన్నంత కాలం సలహాదారును అడిగేందుకు ఒక చట్టం ఉంది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం ‘ప్రజాసేవకుడు’ అన్న మాటను విశాలంగా నిర్వచించింది. ప్రభుత్వం నుంచి జీతమో, ఫీజో తీసుకుని ప్రజావిధి నిర్వర్తించే వ్యక్తి దాని పరిధిలోకి వస్తాడు. కానీ లంచం వేరు, మనం మాట్లాడుకుంటున్నది వేరు. పదవిలో ఉండగా ఒక్క రూపాయి ముట్టని మనిషి, పదవి దిగాక అదే పరిచయాలను నెలవారీ ఫీజుగా మార్చుకుంటే ఆ చట్టం కింద పట్టుకోవడం కష్టం.

అమ్ముడుపోయేది ఏమిటి?

చాలామంది దీనిని రహస్యాల అమ్మకంగా భావిస్తారు. సచివాలయపు గాలి పీల్చినవారికి తెలుసు, అమ్ముడుపోయేది రహస్యం కాదు, దారి. మేము గుమాస్తాగా పనిచేసిన ఏళ్లలో నేర్చుకున్న మొదటి పాఠం అదే. ఏ ఫైలు ఏ సెక్షనులో మొదలవుతుంది, ఏ బల్ల దగ్గర ఆగుతుంది, ఆర్థిక శాఖ ఏ అభ్యంతరం రాస్తుంది, ఆ అభ్యంతరానికి ఏ పాత జీవోను చూపితే నోరు మూతపడుతుంది, ముసాయిదాలో ఏ ఒక్క మాట మారిస్తే ఎవరికి అర్హత వస్తుంది, ఎవరికి పోతుంది, ఇదంతా ఏ అధికార రహస్యాల చట్టం కిందికీ రాదు. అయినా దాని విలువ కోట్లలో ఉంటుంది.

ఒక పథకానికి టెండరు నిబంధనలు రూపొందించే సమావేశంలో సలహాదారు కూర్చున్నారనుకుందాం. ఏ ప్రతిపాదన ఎందుకు తిరస్కరణకు గురైందో, ప్రభుత్వం లోలోపల ఎంత ధరకు సిద్ధంగా ఉందో ఆయనకు తెలుసు. ఆరు నెలల తర్వాత అదే టెండరులో పాల్గొనే సంస్థకు ఆయన సలహా చెబితే, మిగిలిన పోటీదారులంతా కళ్లకు గంతలు కట్టుకుని పరుగు తీసినట్లే. ఆ ధర భేదాన్ని చెల్లించేది ఖజానా. ఖజానా అంటే పన్ను కట్టే సామాన్యుడు.

అంతకంటే సూక్ష్మమైన నష్టం ఇంకొకటి ఉంది. రేపు తనకు ఫీజు ఇవ్వగల సంస్థ పట్ల ఈరోజు పదవిలో ఉన్న సలహాదారు కలం కొంచెం మెత్తబడుతుంది. ఇక్కడ ఎవరూ ఎవరికీ మాట ఇవ్వరు, కవరు చేతులు మారదు. ఆశ ఒక్కటే పనిచేస్తుంది. ఆశకు సాక్ష్యం దొరకదు. కనుకనే, నేరం జరిగిన తర్వాత శిక్షించే చట్టం ఇక్కడ సరిపోదు. ఆశకు ముందే అడ్డుకట్ట వేసే నిబంధన కావాలి.

బ్రిటన్ చెప్పే పాఠం

నిబంధన ఉన్నంత మాత్రాన సరిపోతుందా? బ్రిటన్ అనుభవం చూద్దాం. అక్కడ మంత్రులు, ఉన్నతాధికారులు, ముఖ్యమైన ప్రత్యేక సలహాదారులు పదవి దిగాక చేపట్టే పనులను పరిశీలించడానికి 1975 నుంచి ఒక సలహా సంఘం ఉండేది. సాధారణంగా రెండేళ్ల పాటు ప్రభుత్వం దగ్గర పైరవీ చేయరాదని అది చెప్పేది. కానీ చెప్పడం తప్ప శిక్షించే అధికారం దానికి లేదు.

లెక్స్ గ్రీన్‌సిల్ అనే ఫైనాన్స్ వ్యాపారి 2011లో సొంత సంస్థ స్థాపించారు. డేవిడ్ కామెరాన్ ప్రధానిగా ఉన్న కాలంలో ఆయనే కేబినెట్ కార్యాలయంలో జీతం లేని సలహాదారుగా కూడా ఉన్నారు. ఆయన సలహా ఇచ్చిన విషయం, ఆయన వ్యాపారం చేసే విషయం ఒకటే: సరఫరాదారులకు బిల్లులు ముందుగా చెల్లించే ఫైనాన్స్ విధానం. ప్రభుత్వ కొనుగోళ్ల విభాగానికి అధిపతిగా ఉన్న బిల్ క్రదర్స్, ఉద్యోగంలో ఉండగానే, 2015 సెప్టెంబరులో, అనుమతి తీసుకునే మరీ ఆ సంస్థకు పార్ట్‌టైమ్ సలహాదారు అయ్యారు. మరుసటి ఏడాది అందులో డైరెక్టరయ్యారు. కామెరాన్ 2016 జూలైలో పదవి దిగారు. రెండేళ్ల గడువు దాటగానే, 2018 ఆగస్టులో, అదే సంస్థకు సలహాదారుగా చేరారు. 2020లో కోవిడ్ సాయం పథకంలో ఆ సంస్థకు చోటు కల్పించాలని ఆర్థిక మంత్రికి స్వయంగా ఫోన్ సందేశాలు పంపారు. ఖజానా శాఖ అంగీకరించలేదు. 2021 మార్చిలో సంస్థ కుప్పకూలింది. పార్లమెంటు కమిటీ విచారించి, పైరవీ నిబంధనల ఉల్లంఘన జరగలేదని, అయితే మాజీ ప్రధాని విచక్షణ తీవ్రంగా లోపించిందని తేల్చింది.

ఈ చివరి వాక్యమే గమనార్హం. నిబంధన ఎక్కడా తెగలేదు. అయినా జరగరానిది జరిగింది. ఎందుకంటే ఆ నిబంధన క్యాలెండరును చూసింది గానీ వ్యవహారాన్ని చూడలేదు. రెండేళ్లు గడిచినంత మాత్రాన మాజీ ప్రధాని ఫోన్‌లోని నంబర్లు చెరిగిపోవు. ఆ సలహా సంఘాన్ని 2025 అక్టోబరులో మూసివేసి, దాని పనులను వేరే సంస్థలకు అప్పగించారు.

అమెరికా చట్టం మరో మార్గం పట్టింది. ప్రభుత్వ పక్షాన తాను స్వయంగా, గణనీయంగా పాల్గొన్న ఒక నిర్దిష్ట వ్యవహారంలో, ఆ తర్వాత మరొకరి పక్షాన ప్రభుత్వం ముందు నిలబడి మాట్లాడరాదు. ఈ నిషేధానికి గడువు లేదు. అది జీవితాంతం. ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే పనిచేసే తాత్కాలిక సలహాదారులను కూడా ‘ప్రత్యేక ప్రభుత్వ ఉద్యోగి’ అన్న పేరుతో ఈ చట్టం తన పరిధిలోకి తెచ్చుకుంది. అక్కడ పలుకుబడి వ్యాపారం ఆగిపోయిందని మేము అనడం లేదు. కానీ సూత్రం సరైనది. కట్టడిని పెన్షనుకు ముడిపెట్టడం కాదు, క్యాలెండరుకు ముడిపెట్టడమూ కాదు. ఆయన చూసిన ఫైలుకు ముడిపెట్టాలి.

ఇది మనకెందుకు?

పెద్దల పదవుల గొడవ పేదల బస్తీలకెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ప్రభుత్వం మీద ఎంతగా ఆధారపడితే, లోపలి దారి తెలిసినవాడి వ్యాపారం వల్ల అంతగా నష్టపోతాం. స్కాలర్‌షిప్పుల అమలు, నైపుణ్య శిక్షణ కాంట్రాక్టులు, గురుకులాలకు సరఫరాలు, ఇవన్నీ సలహాలతో మొదలై టెండర్లతో ముగిసేవే.

వక్ఫ్ ఆస్తుల విషయం చూడండి. దేశంలో నమోదైన వక్ఫ్ ఆస్తులు సుమారు 4.9 లక్షలని, వాటి మార్కెట్ విలువ 1.2 లక్షల కోట్ల రూపాయల దాకా ఉంటుందని, ఏటా వస్తున్న ఆదాయం మాత్రం 163 కోట్లేనని 2006లో సచార్ కమిటీ లెక్కగట్టింది. 2013 సవరణ వక్ఫ్ ఆస్తుల అమ్మకాన్ని, దానాన్ని, తాకట్టును చెల్లనివిగా ప్రకటించింది. వాణిజ్య, విద్య, వైద్య అవసరాల కోసం ప్రభుత్వ ఆమోదంతో 30 ఏళ్ల వరకు లీజుకు మాత్రం అవకాశం కల్పించింది. అంటే, విలువంతా ఇప్పుడు లీజు ఫైలులో ఉంది. ఏ స్థలం వివాదంలో ఉంది, ఏ దస్తావేజు బలహీనం, బోర్డు ఎంత అద్దెకు ఒప్పుకుంటుంది, ఇవి తెలిసిన సలహాదారు రేపు ఒక బిల్డరుకు కన్సల్టెంటైతే, ఈద్గా పక్కనున్న స్థలం ఎవరి చేతిలోకి, ఎంతకు పోతుందో ఊహించుకోవచ్చు. ఫలానా వ్యక్తి ఇలా చేశాడని మేము ఆరోపించడం లేదు. తలుపుకు గడియ లేదని మాత్రమే చెబుతున్నాము.

ఇంకొక మాట కూడా నిర్మొహమాటంగా చెప్పాలి. మన సముదాయానికి చెందిన వ్యక్తి సలహాదారుగా నియమితుడైతే సన్మానాలు చేస్తాం, శాలువాలు కప్పుతాం. మంచిదే. కానీ మనవాడు గదా అని ఈ ప్రశ్న అడగకుండా ఊరుకుంటే, పరాయివాడిని అడిగే నైతిక హక్కు మనకుండదు. పదవి అమానత్. అప్పగించినవారికి లెక్క చెప్పవలసింది పదవిలో ఉన్నప్పుడు మాత్రమే కాదు.

అభ్యంతరాలు, మార్గాలు

ఇటువంటి కట్టడి పెడితే నిపుణులు ప్రభుత్వానికి దూరమవుతారనే వాదన ఉంది. దానిని తేలికగా తీసివేయరాదు. వైద్యుడు, ఇంజినీరు, ఆర్థికవేత్త కొంతకాలం ప్రభుత్వంతో పనిచేసి తిరిగి తమ వృత్తికి వెళ్లడం సమాజానికి మేలే. అందరినీ శాశ్వతంగా ఇంట్లో కూర్చోబెట్టాలని మేము కోరడం లేదు. విద్య ఆయనది, ఫైలు ప్రజలది. విద్యను ఎక్కడైనా అమ్ముకోవచ్చు, ఫైలును అమ్ముకోకూడదు. కట్టడిని ఫైలుకు పరిమితం చేస్తే నిజమైన నిపుణుడికి నష్టం స్వల్పం. పరిచయాలే పెట్టుబడిగా ఉన్నవాడికి మాత్రమే అది భారమనిపిస్తుంది.

న్యాయపరమైన చిక్కు మరొకటి ఉంది. నియామక పత్రంలో ఒక షరతు రాసి సంతకం తీసుకుంటే చాలదా అని అడగవచ్చు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం ఎవరినైనా వృత్తి, వ్యాపారాలు చేసుకోనివ్వని ఒప్పందం ఆ మేరకు చెల్లదు. కొలువు ముగిసిన తర్వాత వర్తించే షరతులను న్యాయస్థానాలు ఈ సెక్షను కిందే కొట్టివేస్తూ వచ్చాయి. కనుక ఒట్టి సంతకం నిలవకపోవచ్చు. రాజ్యాంగం 19వ అధికరణం వృత్తి స్వేచ్ఛను ఇస్తూనే, ప్రజాప్రయోజనం కోసం చట్టం ద్వారా సమంజసమైన పరిమితులు విధించే అధికారాన్ని కూడా ఇచ్చింది. అంటే, కావలసింది షరతు కాదు, చట్టం.

ఆ చట్టంలో నాలుగు విషయాలు తప్పక ఉండాలని మా అభిప్రాయం. మొదటిది, జీతం ఉన్నా లేకపోయినా, హోదా ఏదైనా, సలహాదారులందరూ దాని పరిధిలోకి రావాలి. రెండవది, సలహాదారు చూసిన ఫైళ్లకు, హాజరైన సమావేశాలకు ఒక రిజిస్టరు ఉండాలి. పదవి దిగిన రోజున అది బహిరంగం కావాలి. ఆఫీసుల్లో తపాలుకే రిజిస్టరు పెట్టే ప్రభుత్వానికి ఇది అసాధ్యం కాదు. మూడవది, ఆ రిజిస్టరులోని వ్యవహారాల్లో ఆయన ఎన్నటికీ మరొకరి పక్షాన ప్రభుత్వం ముందుకు రాకూడదు. తాను పనిచేసిన శాఖతో ఏ ఇతర సంప్రదింపులూ కనీసం ఏడాది పాటు చేయరాదు. నాలుగవది, శిక్షను వ్యక్తికే కాక సంస్థకూ తగిలించాలి. టెండరు వేసే ప్రతి సంస్థ, ఆ వ్యవహారం చూసిన మాజీ సలహాదారు ఎవరికీ తాము ఫీజు చెల్లించడం లేదని ధ్రువపత్రం ఇవ్వాలి. అది అబద్ధమని తేలితే కాంట్రాక్టు రద్దు కావాలి. పెన్షను లేనివాడికి భయం లేకపోవచ్చు, కాంట్రాక్టు పోతుందన్న భయం కంపెనీకి తప్పక ఉంటుంది.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగవ సెక్షను ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన అధికారుల, ఉద్యోగుల బాధ్యతలను, నెలసరి వేతనాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. సలహాదారుల వివరాలు అందులో లేకపోతే దరఖాస్తు పెట్టండి. సచివాలయ స్థాయిలో రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ప్రశ్నలు సూటిగా ఉండాలి. మైనారిటీ సంక్షేమ శాఖకు ఇప్పటివరకు ఎందరు సలహాదారులు పనిచేశారు? వారి నియామక ఉత్తర్వుల ప్రతులేవి? పదవి దిగాక చేపట్టే పనుల గురించి ఆ ఉత్తర్వుల్లో ఏ షరతు ఉంది? ప్రయోజనాల వైరుధ్యం లేదని వారి నుంచి రాతపూర్వక ప్రకటన తీసుకున్నారా? ప్రతి జిల్లా నుంచి ఒక్కొక్కరు ఈ నాలుగు ప్రశ్నలు పంపితే చాలు. షరతు లేదనే జవాబు వస్తే, ఆ కాగితమే మన శాసనసభ్యుడి ముందు పెట్టవలసిన మొదటి పత్రం అవుతుంది.